మిషన్ మనిషి నడిచినంత సేపు

సర్ ఎర్నెస్ట్ స్పింక్ గారు పోయినప్పుడు లండన్ పత్రికలో ఆయన గురించి ముప్పాతిక కాలమ్ వేశారు. సర్ బిరుదు అందుకున్న రోజు తీసిన ఫొటో కూడా వేశారు. అద్దెకి రేడియోలిచ్చే కొట్టుతో మొదలుపెట్టాడనీ, థార్నెస్ రేవులో సొంతంగా రేడియో స్టేషన్ పెట్టాడనీ, టెలివిజన్ కంపెనీకి డైరెక్టరయ్యాడనీ, ఆస్పత్రి బోర్డుకి అధ్యక్షుడయ్యాడనీ అన్నీ సరిగ్గానే రాశారు. చిట్టచివర మాత్రం, ఒక వింత చేష్ట వల్ల పదవి పోగొట్టుకున్నాడని ఒక ముక్క తగిలించారు.

అది చదివి నాకు ఒళ్ళు మండింది. వింత చేష్టట. ఆయన దగ్గర సెక్రటరీగా నా జుట్టు నెరిసింది. ఆయన ఉపన్యాసాలు టైపు చేశాను, ఆయన కోపాలు భరించాను, ఆయన టై సరిగ్గా లేకపోతే చెప్పగలిగింది ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. ఆ చనువుతో చెబుతున్నాను. ఆయన బతుకు మొత్తంలో నేను తల వంచి దండం పెట్టదగ్గ పని అదొక్కటే. పత్రికవాళ్ళకి అదే అర్థం కాలేదు. అందుకే నేను చెప్పుకోవాల్సి వస్తోంది.

స్పింక్ గారు చేపల పేటలో పుట్టారు. తండ్రి రేవులో ఐసు కొట్టేవాడు. ఈయనకి మాత్రం సముద్రమంటే పడదు, పడవ ఎక్కితే వాంతులు. అందుకని రేడియోలు బాగుచెయ్యడం నేర్చుకున్నారు. కొనే స్తోమత లేని ఇళ్ళకి వారానికి ఇంతని అద్దెకిచ్చారు. కొన్నాళ్ళకి థార్నెస్‌లో స్పింక్ గారి పెట్టె లేని వంటిల్లు లేదు. పెట్టెలు నావైనప్పుడు అందులోంచి వచ్చే మాట మాత్రం ఎవడిదో ఎందుకవ్వాలని ఆయనకి అనిపించింది. డెబ్బై అయిదులో లైసెన్సు సంపాదించి, చాండ్లర్ వీధి మొదట్లో పాత వలల గోదాము తీసుకుని స్టేషన్ పెట్టారు. వేటకెళ్ళినవాళ్ళ భార్యలు వంట చేసుకుంటూ వినేవాళ్ళు. మా ఊరి యాసలో మాట్లాడే గొంతు పెట్టెలోంచి రావడం వాళ్ళకదే మొదటిసారి. ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది.

స్టేషన్‌లో ఆయన పెట్టిన నియమం ఒక్కటే. నిశ్శబ్దం రాకూడదు. మాట తడబడినా ఫరవాలేదు, పాట అరిగిపోయినా ఫరవాలేదు, ఖాళీ మాత్రం ఉండకూడదు. ఖాళీ వస్తే జనం వేరే స్టేషన్‌కి తిప్పుకుంటారని ఆయన బెంగ. అందుకోసం ఒక యంత్రం పెట్టించారు. మేం దాన్ని కుక్క అనేవాళ్ళం. అరనిమిషం ఏ చప్పుడూ లేకపోతే కుక్క మొరుగుతుంది. అంటే దాని కడుపులో ఉన్న టేపు దానంతటదే తిరుగుతుంది. ఆ టేపులో ఉన్నది స్పింక్ గారి గొంతే. "నేను మీ ఎర్నెస్ట్ స్పింక్‌ని. మావాడెవడో ప్లగ్గు మీద కాలేసినట్టున్నాడు. కంగారేం లేదు, టీ పెట్టుకోండి, ఈలోగా కాస్త హుషారైన పాట విందాం." ఆ వెంటనే మా ఊరి బ్యాండు మేళం వాయించిన గంతుల పాట. మొదటి ఏడాది రెండుసార్లో మూడుసార్లో మొరిగింది. ఊరంతా నవ్వుకుంది. తర్వాత దాని సంగతి అందరూ మర్చిపోయారు.

ఇక ఆ ఫిబ్రవరి సంగతి చెప్పాలి. డెబ్బై ఆరులో. క్లారా మే అనే చేపల వేట ఓడ నుంచి రెండు రోజులుగా వైర్‌లెస్ కబురు లేదు. దాని మీద మా పేట మగవాళ్ళే ఉన్నారు. మధ్యాహ్నానికి రేవు ఆఫీసుకి తెలిసిపోయింది, ఓడ మునిగింది, ఒక్కడూ మిగల్లేదని. మా రేవులో ఇలాంటి కబురు చెప్పడానికి ఒక పద్ధతుంది. ఓడల మీద పనిచేసేవాళ్ళ కుటుంబాల బాగోగులు చూసే చర్చి సంస్థ, నావికుల మిషన్ నుంచి ఒక పెద్దమనిషి నల్లకోటు వేసుకుని, ఇంటింటికీ నడిచి వెళ్ళి, టోపీ తీసి, తన నోటితో చెబుతాడు. కారులో వెళ్ళడు. పొరుగావిడ వచ్చేదాకా కూర్చుని, ఆ ఇంట్లో టీ తాగి లేస్తాడు. ఆయన తిరగడం పూర్తయ్యేదాకా కబురు తెలిసినవాడెవడూ పెదవి విప్పడు. ఆయన వీధి మలుపు తిరిగాడంటే ఆడవాళ్ళందరూ కిటికీల దగ్గర నిలబడి, ఏ గుమ్మం ముందు ఆగుతాడా అని చూస్తారు.

స్టేషన్‌కి కూడా కబురొచ్చింది, ఆగమని మాట కూడా వచ్చింది. వార్తలు చదివే అబ్బాయికి ఆ రోజు జ్వరం. స్పింక్ గారే మైకు ముందు కూర్చున్నారు. పై ఊరి స్టేషన్ ఎక్కడ ముందు చెప్పేస్తుందోనని, ఒంటిగంట వార్తల్లో ఆయన చదివేశారు. క్లారా మే మునిగింది, ప్రాణాలతో ఎవరూ లేరు. మంచి గొంతు ఆయనది, గంభీరంగా చదివారు. అప్పటికి మిషన్ మనిషి చాండ్లర్ వీధి మలుపు తిరిగాడంతే.

ఆ వీధిలో కింది చివరింట్లో ఎడ్నా గార్త్ ఉండేది, ఇప్పటికీ ఉంది. నేనూ తనూ ఆదివారం ప్రార్థనకి ఒకే చాపెల్‌కి వెళ్తాం. లెన్ గార్త్ ఆవిడ భర్త, క్లారా మేలో రెండో అధికారి. ఎడ్నా బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కిటికీలోంచి మిషన్ మనిషిని చూస్తోంది. గట్టు మీదున్న పెట్టెలోంచి, ఎర్నెస్ట్ స్పింక్ గొంతులో, తనకి మొగుడు లేడని విన్నది.

మా ఊళ్ళో ఎవరైనా మన కాలు తొక్కితే మనమే సారీ అంటాం. తలుపు తీసినవాడికీ సారీ, గుద్దుకున్న తలుపుకీ సారీ. అలాంటి ఊళ్ళో పుట్టిన మనిషి ఎడ్నాకి ఆ ఒక్క మాట చెప్పలేకపోయారు. మొదట్లో చెబుదామనే లేచారు. కంపెనీ లాయరు పట్టుకుని కూర్చోబెట్టాడు. సారీ అంటే తప్పు ఒప్పుకున్నట్టు, తప్పొప్పుకుంటే లైసెన్సుకే ముప్పు, నోరు మూసుకోమన్నాడు. ఈయన మూసుకున్నారు. ఒక ఏడాది మూసుకున్న నోరు తర్వాత తెరుచుకోవడం కష్టం.

మాట బదులు పనులు చేశారు. వేటగాళ్ళ విధవలకి నిధి పెట్టారు, దానికోసం ఊరూరా తిరిగారు. ఆస్పత్రికి కొత్త వార్డు కట్టించారు. రేవులో క్లారా మే పేరున రాతి స్తంభం నిలబెట్టారు. మేయరయ్యారు, సర్ అయ్యారు. ప్రతి క్రిస్మస్‌కీ ఎడ్నా ఇంటికి మంచి పంది తొడ మాంసం పంపేవారు. ప్రతి క్రిస్మస్‌కీ అది విప్పని కాగితంతో సహా నా బల్ల మీదకి తిరిగొచ్చేది. ఎడ్నా ఆయన పెట్టెని ఓడ కబురు విన్న సాయంత్రమే కొట్టు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఇంట్లో రేడియో అన్నది మోగలేదు. వీధిలో ఆయన ఎదురైతే అవతలి పక్కకి దాటేది. తిట్టలేదు, ఒక్కరికీ చెప్పుకోలేదు. తిట్టి ఉంటే ఆయనకి కాస్త నిద్ర పట్టేదేమో.

తొంభైల్లో స్టేషన్ని లండన్ కంపెనీ ఒకటి కొనేసింది. స్పింక్ గారిని అధ్యక్షుడిగా ఉంచారు, గోడ మీద పటాన్ని ఉంచినట్టు. ఆయన మీటింగులకి వెళ్ళి, బిస్కట్లు తిని, సంతకాలు పెట్టి వచ్చేవారు. రెండువేల ఒకటి జనవరిలో మాత్రం పెద్ద కబురొచ్చింది. ఆయన్ని ప్రభువుల సభకి పంపాలని పైవాళ్ళు అనుకుంటున్నారు, ఆయనకి సమ్మతమేనా అని. ఐసు కొట్టినవాడి కొడుకు లార్డు కాబోతున్నాడు. నేను టీ పెట్టి తెచ్చి, చక్కెర కూడా ఎక్కువేశాను. ఆయన కప్పు పట్టుకుని కిటికీలోంచి చాండ్లర్ వీధి వంక చూస్తూ కూర్చున్నారు.

"డోరీన్, వచ్చే నెలకి పాతికేళ్ళు," అన్నారు.

దేనికని నేనడగలేదు.

"లార్డునైతే ఏ పేరు పెట్టుకోవాలో తెలుసా? ఊరి పేరు. థార్నెస్ స్పింక్ ప్రభువు. ఆ వీధి చివరున్న ఆవిడ నా వంక చూడదు, నేను ఊరి పేరు పెట్టుకుంటానా?"

పైవాళ్ళకి జవాబు రాయలేదు. కోటు వేసుకుని, నన్ను కూడా రమ్మన్నారు. ఇద్దరం వీధి దిగి ఎడ్నా గుమ్మం ముందు నిలబడ్డాం. సభల్లో వేలమంది ముందు బెదరని మనిషికి తలుపు కొట్టడానికి చెయ్యి రాలేదు. నేనే కొట్టాను.

ఎడ్నా తలుపు తీసి నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "ఏంటి డోరీన్, ఇతన్ని వెంటేసుకొచ్చావు?"

"నేను తీసుకురాలేదు. ఆయనే నన్ను లాక్కొచ్చారు," అన్నాను.

లోపలికి రమ్మనలేదు. స్పింక్ గారు గుమ్మంలోనే చెప్పారు. పాతికేళ్ళ సంస్మరణ రేవులో జరుగుతుంది, స్టేషన్ దాన్ని ప్రసారం చేస్తుంది, పోయినవాళ్ళ పేర్లు నువ్వు చదవాలి అని. ఆమె చేతులు కట్టుకుని విన్నది.

"చదవడం నీకు బాగా వచ్చుగా ఎర్నీ," అంది. వాళ్ళిద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నారు. ఆయన్ని ఎర్నీ అని పిలిచే మనిషి అప్పటికి ఆవిడొక్కర్తే మిగిలింది.

ఆయన వెళ్ళిపోదామన్నట్టు నా వంక చూశారు. అప్పుడు ఎడ్నా, పాతికేళ్ళు ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"ఆ రోజు నేను కిటికీ దగ్గరున్నాను. మిషన్ మనిషి మలుపు తిరిగాడు. అక్కణ్ణుంచి నా గుమ్మం దాకా రెండు నిమిషాల నడక. హాడ్సన్ వాళ్ళింటికేమో అనుకున్నాను. కాకపోతే ఆ పక్కింటికేమో అనుకున్నాను. నడిచి నడిచి వచ్చి ఆయన తలుపు కొట్టేదాకా లెన్ నాకు బతికే ఉంటాడు. ఆ రెండు నిమిషాలు నావి ఎర్నీ. ఓడని సముద్రం తీసుకుంది, దానికి నేనేం చేస్తాను. ఆ రెండు నిమిషాలు తీసుకున్నది నువ్వు."

స్పింక్ గారు ఒక అడుగు వెనక్కి వేశారు.

"పేర్లు చదువుతాను," అంది ఎడ్నా. "చదివాక రెండు నిమిషాలు నీ స్టేషన్ నోరు మూసుకోవాలి. పాట వద్దు, ప్రార్థన వద్దు. నీ గొంతు అసలే వద్దు." తలుపు వేసుకుంది.

ఆ మర్నాటి నుంచి స్పింక్ గారు మనిషి మారిపోయారు. ఏర్పాట్లన్నీ తనే చూసుకున్నారు. లండన్ కంపెనీని రెండు నిమిషాల నిశ్శబ్దానికి ఒప్పించడానికి నాలుగుసార్లు రైలెక్కారు. ప్రకటనలు మానుకోవాలా అని వాళ్ళు సణిగారు, ఈయన బతిమాలారు. బతిమాలడం ఆయన నోటికి అలవాటు లేని పని. మాకు ముసలి ఇంజనీరొకడున్నాడు, నార్మన్ అని, మొదటి రోజు నుంచీ ఉన్నవాడు. అతన్ని పిలిచి మరీ చెప్పారు. రేవులో ఎవరైనా ఏడిస్తే ఆ ఏడుపు ఊరంతా వినకూడదు, నిశ్శబ్దం మొదలవగానే మైకు పూర్తిగా మూసెయ్ అని. నార్మన్ తలూపాడు, నేనూ తలూపాను. మర్యాదైన ఆలోచన అనిపించింది. మా జనంలో ఏడవడం తప్పు కాదు, ఏడుస్తూ నలుగురికీ దొరికిపోవడం తప్పు. ఆ దృష్టితోనే చూశాం, కుక్క సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజు రేవులో గాలి కోసేస్తోంది. ముసలివాళ్ళు నిలబడలేరని చేపల మార్కెట్ షెడ్డులో బెంచీలు వేసి, ప్రసారం వినబడేలా పెద్ద స్పీకర్లు పెట్టించారు. ఎడ్నా నల్లకోటు వేసుకుని స్తంభం పక్కన నిలబడి పేర్లు చదివింది. పచారీ చీటీ చదివినట్టు చదివింది, లెన్ పేరు దగ్గర కూడా ఆగలేదు. అందుకే విన్నవాళ్ళ గుండెలు పిండేసినట్టయింది. చదవడం అయ్యాక తలొంచుకుంది. అందరూ తలలొంచుకున్నారు. నార్మన్ మైకు మూసేశాడు.

రేవులో నిజానికి నిశ్శబ్దం లేదు. సీగల్ పక్షులు అరుస్తున్నాయి, తాళ్ళు కొయ్యలకేసి కొట్టుకుంటున్నాయి, ఎవరో ముక్కు చీదుతున్నారు. మైకు తెరిచి ఉంటే ఆ చప్పుడంతా స్టేషన్‌కి చేరేది, కుక్క మెదలకుండా పడుండేది. మేం మర్యాద కోసం దాని చెవులు మూశాం. అరనిమిషం దానికి ఏమీ వినబడలేదు.

మార్కెట్ షెడ్డులోంచి, తలుపులు తెరిచి పెట్టుకున్న కార్లలోంచి, పాతికేళ్ళ కిందటి స్పింక్ గారి గొంతు రేవంతా మోగింది. "నేను మీ ఎర్నెస్ట్ స్పింక్‌ని. మావాడెవడో ప్లగ్గు మీద కాలేసినట్టున్నాడు. కంగారేం లేదు, టీ పెట్టుకోండి." తర్వాత బ్యాండు మేళం గంతులు.

నార్మన్ టెలిఫోన్ దగ్గరికి పరుగెత్తాడు. ఎవరూ కదల్లేదు, తల కూడా ఎత్తలేదు. మావాళ్ళు అలాగే ఉంటారు, వినబడనట్టు. పాట మధ్యలో తెగిపోయేదాకా అలా నిలబడ్డారు. స్పింక్ గారు రాతి స్తంభాన్ని పట్టుకుని ఉన్నారు. ఎడ్నా పేర్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. ఆయన పక్కనుంచి వెళ్తూ ఒక్క మాట అంది.

"నీ గొంతు అసలే వద్దన్నాను ఎర్నీ."

మర్నాడు పత్రికలన్నీ పళ్ళికిలించాయి. లండన్ కంపెనీ కుర్రాడొకడు నాకు ఫోన్ చేసి, ఆ టేపు ముక్క దొరుకుతుందా, నవ్వుల కార్యక్రమంలో వేసుకుంటాం అన్నాడు. అతనికి నేనేం చెప్పానో ఇక్కడ రాయను, చాపెల్‌కి వెళ్ళే మనిషిని. స్పింక్ గారు మూడు రోజులు ఆఫీసుకి రాలేదు. వచ్చాక కంపెనీకి ఫోన్ చేసి, ఆ రెండు నిమిషాలు మళ్ళీ ఇవ్వాలి, ఒంటిగంట వార్తల్లో ఇవ్వాలి అని అడిగారు. చాలా ఆసక్తికరమైన ఆలోచన, తప్పకుండా పరిశీలిస్తాం అన్నారు. అంటే కుదరదని. అధ్యక్షుడికి మైకు ముందు కూర్చునే హక్కు ఒప్పందంలో లేదని కూడా మర్యాదగా గుర్తుచేశారు. ఆయన వాళ్ళకి థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశారు.

"డోరీన్, మీ వంటింట్లో చిన్న ట్రాన్సిస్టర్ ఉందిగా," అన్నారు. "అది తీసుకుని రేపు ఒంటిగంట లోపల ఎడ్నా ఇంటికి వెళ్ళు. కిటికీ గట్టు మీద పెట్టు. నా గురించి ఏమీ చెప్పకు."

"రానిస్తుందంటారా?"

"నన్ను రానివ్వదు. నిన్ను రానిస్తుంది."

"కుర్చీ పోతుంది మిస్టర్ స్పింక్. కుర్చీ పోతే ఆ ప్రభువుల సభ మాటా పోతుంది. రచ్చ చేసినవాణ్ణి వాళ్ళు తీసుకోరు."

"తెలుసు," అన్నారు. నా వంక చూసి నవ్వబోయారు, కుదరలేదు. "ఆ రోజు నేను చదువుతుంటే కిటికీలోంచి మిషన్ మనిషి కనిపించాడు డోరీన్. ఇక్కణ్ణుంచే. చూస్తూనే చదివాను."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.  వెళ్ళి ఆయన నల్లకోటుకి బ్రష్షు కొట్టి పెట్టాను.

మర్నాడు ట్రాన్సిస్టర్ సంచిలో పెట్టుకుని ఎడ్నా తలుపు కొట్టాను. సంచిలోంచి తీయగానే ఆవిడ మొహం గట్టిపడింది. "ఆ వస్తువు నా గుమ్మం దాటదు."

"అయిదు నిమిషాలుండనివ్వు. తర్వాత నువ్వే వీధిలోకి విసిరెయ్యి, ఎలాగూ పాతదే," అన్నాను. నా గొంతు వణికింది. నేను దేనికీ వణకనని ఎడ్నాకి తెలుసు. కాసేపు నన్నే చూసి, పక్కకి జరిగింది.

గట్టు మీద పెట్టి నొక్కాను. వార్తలు మొదలయ్యే వేళ. వార్తలు చదివే అమ్మాయి గొంతు రాలేదు, కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత స్పింక్ గారు మాట్లాడారు. ఉపన్యాసాల గొంతు కాదు, ముసలి గొంతు.

"నేను ఎర్నెస్ట్ స్పింక్‌ని. పాతికేళ్ళ కిందట క్లారా మే సంగతి ఇక్కడ కూర్చుని చదివింది నేనే. మిషన్ మనిషి తిరగడం అయ్యేదాకా ఆగమన్నారు. నేను ఆగలేదు. ఎవరైనా నాకంటే ముందు చెప్పేస్తారని ఆగలేదు. ఈ వీధిలో ఒకావిడకి నేను రెండు నిమిషాలు బాకీ. ఇప్పుడు లేచి ఆవిడ ఇంటికి నడిచి వెళ్తాను. నేను చేరేదాకా ఈ స్టేషన్ మాట్లాడదు. కుక్కని నేనే ఆపేశాను."

కుర్చీ కిర్రుమంది. అడుగులు వినిపించాయి, తలుపు మూసిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. మైకు తెరిచే ఉంది, ఖాళీ గది వినబడుతోంది, అంతే.

పొయ్యి మీద కెటిల్ కూత పెట్టబోతోంది. ఎడ్నా వెళ్ళి దాన్ని దించేసింది. తిరిగొచ్చి కిటికీ దగ్గర, సింక్ పక్కన నిలబడింది. ఆ రోజు అక్కడే నిలబడి ఉంటుంది, అడగక్కర్లేకుండానే తెలిసింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

వీధి మలుపులో నల్లకోటు కనిపించింది. స్పింక్ గారు టోపీ పెట్టుకుని, కారు లేకుండా, కర్ర పొడుచుకుంటూ దిగుతున్నారు. వీధిలో ఇళ్ళన్నింట్లో రేడియోలు మూగగా ఉన్నాయి. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ఆడవాళ్ళు ఏప్రన్లతో గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ పలకరించలేదు, ఆయనా ఎవరి వంకా చూడలేదు. నెమ్మదిగానే నడిచారు. వయసు వల్ల అనుకుంటారు చూసినవాళ్ళు. ఆ రెండు నిమిషాల్లో ఒక్క క్షణం కూడా తగ్గకూడదని నడిచారని నాకు తెలుసు.

ఎడ్నా చెయ్యి సింక్ అంచుని గట్టిగా పట్టుకుంది. పెదవులు కదిలాయి.

"హాడ్సన్ వాళ్ళింటికేమో," అంది.

నాతో అనలేదు. అరవై దాటిన ఆవిడ, నలభై కూడా నిండని ఇల్లాలి గొంతుతో అంది. హాడ్సన్ కుటుంబం ఆ వీధి వదిలి ఎన్నాళ్ళో అయింది. స్పింక్ గారు ఆ ఇంటి ముందు ఒక్క అడుగు ఆలస్యం చేశారు, కర్ర సర్దుకోవడానికి. ఎడ్నా మొహంలో ఆశ కనిపించింది. నా కళ్ళతో చూశాను. లెన్ ఆ క్షణంలో ఆవిడకి బతికే ఉన్నాడు.

ఆయన ఆ ఇల్లు దాటారు. పక్క ఇల్లు కూడా దాటారు. తలుపు కొట్టిన చప్పుడైంది.

నేను కదల్లేదు. ఎడ్నా వెళ్ళి తీసింది. స్పింక్ గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. గాలికి ఆయన తెల్లజుట్టు చెదిరిపోయింది. సభల్లో కాగితం చూడకుండా గంటసేపు మాట్లాడే మనిషి, రెండుసార్లు నోరు తెరిచి మూశారు.

"ఎడ్నా," అన్నారు. "క్లారా మే మునిగిపోయింది. లెన్ ఇక ఇంటికి రాడు." ఆగారు. "సారీ, ఎడ్నా."

ఎడ్నా తలుపు చెక్కకి నుదురు ఆనించి ఏడ్చింది. స్తంభం నిలబెట్టిన రోజు ఏడవని మనిషి, పేర్లు చదివిన రోజు ఏడవని మనిషి, వీధిలో అందరూ చూస్తుండగా, దాచుకోకుండా, గట్టిగా ఏడ్చింది. ఆయన గుమ్మం దాటలేదు, ఊరుకోమనలేదు. ఆవిడ ఏడుపు అయ్యేదాకా టోపీ పట్టుకుని నిలబడ్డారు. కిటికీ గట్టు మీద నా ట్రాన్సిస్టర్ ఇంకా మూగగానే ఉంది.

చివరికి ఎడ్నా ఏప్రన్‌తో మొహం తుడుచుకుంది.

"లోపలికి రా ఎర్నీ," అంది. "మిషన్ మనిషి టీ తాగకుండా వెళ్ళకూడదు."